కోవై తెలుగుబిడ్డ జి.డి. నాయుడు

సైకిలుకు డైనమో తగిలించి రాత్రివేళ తొక్కిన పెద్దలకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. దీపం వెలిగిందంటే పెడలు బరువెక్కుతుంది. కారులోని ఆల్టర్నేటరు కథ కూడా అదే. పళవేర్కాడు నుండి పొన్నేరి పోయే మన బండ్ల దీపాలు ఊరకే వెలగవు. ఇంజను బెల్టుతో తిప్పే ఆ యంత్రం కొంత ఇంధనాన్ని తింటూనే ఉంటుంది. అందిన శక్తిలో సగానికి కొంచెం తక్కువ రాగితీగలలో, ఇనుములో, డయోడులలో వేడిగా పోతుంది. ఆ నష్టాన్ని తగ్గించాలంటే తీగచుట్టల విద్య, ఇనుపరేకుల విద్య తెలియాలి. ఆ విద్యను మన దక్షిణాదిన కార్ఖానాకు తెచ్చినవారిలో ముఖ్యులు గోపాలస్వామి దొరస్వామి నాయుడు గారు.

ఆయన 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గరి కలంగల్ గ్రామంలో, తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో జన్మించారు. బడిచదువు సాగలేదు. ఉపాధ్యాయుడనైన నాకు ఈ మాట వ్రాయడం కొంత ఇబ్బందే! యౌవనంలో ఒక దొరగారి మోటారు సైకిలు చూచి మనసు పడ్డారు. హోటలులో సర్వరుగా పనిచేసి, కూడబెట్టిన సొమ్ముతో దానిని కొన్నారు. కొన్నది ఊరేగడానికి కాదు, విప్పి మరల బిగించి లోపలి మర్మం తెలుసుకోవడానికి.

1920లో స్టేన్స్ దొర అప్పుగా ఇచ్చిన 4,000 రూపాయలకు తన సొమ్ము కలిపి ఒక బస్సు కొని, పొల్లాచ్చి–పళని మధ్య తామే నడిపారు. అదే యూనివర్సల్ మోటార్ సర్వీస్‌గా పెరిగింది. 1937లో పీలమేడులోని వారి నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ నుండి, మన దేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారుగా పేరొందిన యంత్రం వెలువడింది. అందులో డి. బాలసుందరం నాయుడు గారి పాలు పెద్దది, దానిని మరువరాదు. మోటారు, డైనమో అక్కచెల్లెళ్ల వంటివి. కరెంటు ఇస్తే తిరిగేది మోటారు, తిప్పితే కరెంటు ఇచ్చేది డైనమో.

1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు సిద్ధం చేశారు. వెల 2,000 రూపాయలు మాత్రమే. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు, తయారీ నిలిచిపోయింది. బడిపంతుళ్లు కూడా ఆశపడదగిన కారు అట్లా కార్ఖానా గడప దాటలేదు. ఈ ఒక్క విషయంలో నాకు నేటికీ కోపమే.

నాయుడు గారు 1974 జనవరి 4న కన్నుమూశారు. కోవై అవినాశి రోడ్డు మీద 2025 అక్టోబరులో తెరచిన పొడవైన పైవంతెనకు వారి పేరే పెట్టారు. వారి ప్రదర్శనశాల కూడా ఆ రోడ్డులోనే ఉంది.