దామెర్ల రామారావు

దామెర్ల రామారావు 1897లో రాజమండ్రిలో జన్మించారు. చిన్ననాటి నుండి బొమ్మలంటే ఆయనకు ప్రాణం. ఆ ఊరి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాలు కూల్డ్రే దొర ఆంగ్లేయుడు, స్వయంగా చిత్రకారుడు. ఆయన రామారావు ప్రతిభను గుర్తించి చేరదీశారు. గోదావరి ఒడ్డున ప్రకృతిని చూచి గీయడం నేర్పారు. చెట్టు ఎప్పుడూ ఆకుపచ్చగానే ఉంటుందని మనం అనుకుంటాము. ఉదయపుటెండలో అది పసుపు. సాయంకాలం గోడమీద దాని నీడ నీలం. ఎదుట కూర్చుని చూస్తేగాని ఇది తెలియదు!

1916లో కూల్డ్రే ప్రోత్సాహంతో రామారావు బొంబాయి జె.జె. కళాశాలలో చేరారు. చదువు ముగిశాక అక్కడే ఉండిపోలేదు. రాజమండ్రికి తిరిగివచ్చి చిత్రకళాశాల స్థాపించారు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా కుంచె పట్టారు. 1925లో మశూచి సోకి, 28 ఏండ్లు నిండకముందే ఆయన కన్నుమూశారు. పాఠశాల మాత్రం ఆగలేదు. మిత్రుడు వరదా వెంకటరత్నం దానిని నడిపారు.