ఫ్రెడ్డీకి దొరకని అవకాశం మీకుంది

కప్పు గెలిచిన రోజు స్టేడియంలో మోగే ‘వి ఆర్ ది ఛాంపియన్స్’ పాట మీరు వినే ఉంటారు. రాసిందీ, పాడిందీ ఫ్రెడ్డీ మెర్క్యురీ. ఆయన మీద 2018లో వచ్చిన ‘బొహీమియన్ రాప్సొడీ’ సినిమా కూడా మీలో చాలామంది చూసే ఉంటారు. ఈ వారం ఆయన గురించే మాట్లాడుకుందాం. పాటల కోసం మాత్రమే కాదు. మీలో ఎవరో ఒకరు ఒక రాత్రి జరిగిన విషయం తలచుకుంటూ, ఫోన్‌లో హెచ్‌ఐవీ లక్షణాలు వెతుక్కుంటూ, రేపటి ఇంటర్వ్యూకి చదవలేక కూర్చుని ఉండొచ్చు. ఈ కథ ముఖ్యంగా వాళ్ల కోసం.

పంచగని నుంచి లండన్ దాకా

ఫ్రెడ్డీ అసలు పేరు ఫరూఖ్ బుల్సారా. 1946 సెప్టెంబర్ 5న జాంజిబార్‌లో పుట్టాడు. గుజరాత్ మూలాలున్న పార్సీ కుటుంబం. నాన్న బ్రిటిష్ ప్రభుత్వంలో క్యాషియర్. ఎనిమిదేళ్ల వయసులో పిల్లాణ్ని మహారాష్ట్రలోని పంచగనికి పంపి బోర్డింగ్ స్కూల్లో చేర్చారు. అక్కడే పియానో నేర్చుకున్నాడు, ఫ్రెండ్స్‌తో కలిసి ‘ది హెక్టిక్స్’ అనే బ్యాండ్ పెట్టాడు. ఫ్రెడ్డీ అన్న పేరు కూడా ఆ స్కూల్లోనే అతుక్కుంది.

1964లో జాంజిబార్‌లో విప్లవం వచ్చింది. కుటుంబం ఉన్నపళంగా ఇంగ్లండ్ చేరుకుంది. ఫ్రెడ్డీకి అప్పుడు పదిహేడేళ్లు. హీత్రో విమానాశ్రయంలో సామాన్లు మోసే పని కూడా చేశాడు. ఈలింగ్ ఆర్ట్ కాలేజీలో చేరి 1969లో గ్రాఫిక్ డిజైన్‌లో డిప్లొమా తీసుకున్నాడు. చేతిలో డిప్లొమా ఉన్నా మంచి ఉద్యోగం మాత్రం లేదు. కెన్సింగ్టన్ మార్కెట్‌లో రోజర్ టేలర్‌తో కలిసి పాత బట్టలు అమ్మాడు. ఈ ఫేజ్ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

1970లో బ్రయాన్ మే, రోజర్‌లతో కలిసి ‘క్వీన్’ మొదలుపెట్టాడు. మే ఫిజిక్స్ స్టూడెంట్. తర్వాతి ఏడాది చేరిన జాన్ డీకన్ ఎలక్ట్రానిక్స్ చదివినవాడు. అంటే బ్యాండ్‌లో సగం మంది మన బ్యాచే అన్నమాట. బ్యాండ్ లోగో గీసింది మాత్రం ఫ్రెడ్డీనే. కాలేజీలో నేర్చుకున్న డిజైన్ అలా పనికొచ్చింది. 1975లో దాదాపు ఆరు నిమిషాల ‘బొహీమియన్ రాప్సొడీ’ వచ్చింది. అంత పొడుగు పాట రేడియోలో ఎవరు వేస్తారన్నారు. అది బ్రిటన్‌లో తొమ్మిది వారాలు నంబర్ వన్‌గా నిలిచింది.

పేరు లేని జబ్బు

1981 జూన్‌లో అమెరికాలో కొందరు కుర్రాళ్లకు అరుదైన న్యుమోనియా వచ్చిందని డాక్టర్లు రిపోర్ట్ రాశారు. ఎయిడ్స్ గురించి ప్రపంచానికి తెలిసిన మొదటి కబురు అది. వైరస్‌ని 1983లో గుర్తించారు. రక్తపరీక్షకు అమెరికాలో అనుమతి వచ్చింది 1985 మార్చిలో. మన దేశంలో మొదటి కేసులు 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సోలొమన్ బృందం చేసిన పరీక్షల్లో బయటపడ్డాయి.

అంటే ఫ్రెడ్డీ పాతికేళ్ల వయసులో ఉన్నప్పుడు ఈ జబ్బు ఉందన్న సంగతే ఎవరికీ తెలియదు. జాగ్రత్తపడాలని చెప్పేవాళ్లు లేరు, చేయించుకోవడానికి పరీక్ష లేదు. ఆ తర్వాత భయం మాత్రం చాలా వేగంగా వచ్చింది. పేపర్లు ఎయిడ్స్‌ని జబ్బులా రాయలేదు, శిక్షలా రాశాయి. పురుషులతో సంబంధాలున్న మగవాళ్ల మీద అనుమానం, వెక్కిరింత పెరిగాయి. ఫ్రెడ్డీ కూడా వాళ్లలో ఒకడు.

1985 జూలై 13న వెంబ్లీలో లైవ్ ఎయిడ్. ఇరవై నిమిషాల్లో క్వీన్ స్టేడియం మొత్తాన్ని చేతుల్లోకి తీసుకుంది. సినిమాలో ఆ షోకి ముందే ఫ్రెడ్డీకి రిజల్ట్ తెలిసినట్టు చూపించారు. డ్రామా కోసం అలా మార్చారు. నిజానికి ఆయనకు హెచ్‌ఐవీ ఉందని తేలింది 1987లో.

రిజల్ట్ వచ్చాక

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. 1987లో పాజిటివ్ అని తెలిస్తే ఏం చేయగలరు? ఏజడ్‌టీ అనే మందు ఒక్కటే అప్పుడప్పుడే వచ్చింది. దానికి సైడ్ ఎఫెక్ట్స్ ఎక్కువ, కొంతకాలానికి వైరస్ దాన్ని తట్టుకునేది. రిజల్ట్ తెలిసినా చేయగలిగింది చాలా తక్కువ. బయటికి చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే ఒంటరితనం. ఆయన కొద్దిమంది దగ్గరివాళ్లకే చెప్పాడు. విలేకరులు అడిగినప్పుడల్లా అలాంటిదేమీ లేదన్నాడు. ఫొటోగ్రాఫర్లు ఇంటి గేటు దగ్గర కాపలా కాశారు.

ఆయన పని మాత్రం ఆపలేదు. 1988లో మోంత్సెరాత్ కబాయె అనే ఒపెరా గాయనితో ‘బార్సిలోనా’ ఆల్బమ్ చేశాడు. 1991 ఫిబ్రవరిలో ‘ఇన్యుయెండో’ వచ్చింది. ఆ ఏడాది మేలో తీసిన ఆఖరి వీడియోలో ఎంత చిక్కిపోయాడో బ్లాక్ అండ్ వైట్‌లో కూడా కనిపిస్తుంది. ఓపిక ఉన్నన్ని రోజులు స్విట్జర్లాండ్‌లోని మాంట్రూలో పాటలు రికార్డ్ చేస్తూనే ఉన్నాడు.

1991 నవంబర్ 23న తనకు ఎయిడ్స్ ఉందని ప్రకటన ఇచ్చాడు. మర్నాడు సాయంత్రం కెన్సింగ్టన్‌లోని ఇంట్లో కన్నుమూశాడు. వయసు 45. మరో ఐదేళ్లకి, 1996లో, మూడు రకాల మందులు కలిపి వాడితే వైరస్ అదుపులోకి వస్తుందని తేలింది. ఆ ఐదేళ్లు ఆయనకు దొరకలేదు.

మరి మీ సంగతి?

బీటెక్ ఫైనల్ ఇయర్‌లో నా రూమ్మేట్ ఒకడు ట్రిప్‌కి వెళ్లొచ్చాక మాట్లాడటం తగ్గించాడు. అక్కడ పరిచయమైన ఒకరితో గడిపాడు, కండోమ్ సరిగా ఉందో లేదో గుర్తులేదు. మూడు నెలలు నిద్ర లేదు. ప్లేస్‌మెంట్ ఆఫర్‌లో మెడికల్ టెస్ట్ అని చూసి, జాయిన్ అవ్వనురా అన్నాడు. పరీక్షకు వెళ్లకుండానే తనకు పాజిటివ్ అని తేల్చేసుకున్నాడు. చివరికి ఇద్దరం ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాం. నెగెటివ్ వచ్చింది. ఒకవేళ పాజిటివ్ వచ్చినా వాడికి దారి ఉండేది. ఆ మూడు నెలలూ వాణ్ని తినేసింది తెలియకపోవడమే.

వాడికి ఆ రోజు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదనిపించే విషయాలు ఇవి.

మొదటిది, టైమ్. రిస్క్ ఉందని అనుమానం వస్తే 72 గంటల్లోపు డాక్టర్‌ని కలవండి. పెప్ అనే మందుల కోర్సు 28 రోజులు వాడితే వైరస్ శరీరంలో పాతుకోకుండా ఆపే అవకాశం ఎక్కువ. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి క్యాజువాలిటీలో గానీ, ఏఆర్‌టీ సెంటర్‌లో గానీ అడగండి. జరిగింది జరిగినట్టు చెప్పండి.

రెండోది, టెస్ట్ ఎప్పుడు? మర్నాడే చేయిస్తే ఏమీ తెలియదు. శరీరంలో గుర్తులు కనిపించడానికి కొంత సమయం పడుతుంది, దాన్నే విండో పీరియడ్ అంటారు. ల్యాబ్‌లో చేసే నాలుగో తరం పరీక్ష దాదాపు ఆరు వారాలకు నమ్మకంగా చెబుతుంది. వేలి రక్తంతో చేసే ర్యాపిడ్ టెస్ట్ అయితే మూడు నెలలకు ఇంకోసారి చేయించి నిర్ధారించుకోవాలి. పెప్ వాడినవాళ్లు ఎప్పుడు టెస్ట్ చేయించుకోవాలో డాక్టర్ చెబుతారు. టెస్ట్‌కి బదులుగా రక్తదానం చేసి చూద్దాం అని మాత్రం అనుకోవద్దు. విండో పీరియడ్‌లో ఉంటే ఆ రక్తం ఎక్కించుకునేవాళ్లకు ప్రమాదం. రిజల్ట్ తేలేదాకా ప్రతిసారీ కండోమ్ వాడండి.

మూడోది, లక్షణాలు చూసి తేల్చుకోవద్దు. జ్వరం, గొంతు నొప్పి, ఒంటి మీద దద్దుర్లు మామూలు వైరల్ ఫీవర్‌లోనూ వస్తాయి. హెచ్‌ఐవీ ఉన్నా చాలామందికి ఏళ్ల తరబడి ఏమీ తెలియదు. లాగ్ చూడకుండా బగ్ ఎక్కడుందో ఊహించడం ఎలాంటిదో ఇదీ అంతే. ముద్దు వల్ల, చేతులు కలిపితే, ఒకే కంచంలో తింటే, దోమ కుడితే రాదు.

నాలుగోది, ఎక్కడ? ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఐసీటీసీ అని బోర్డు ఉంటుంది. కౌన్సెలింగ్, పరీక్ష రెండూ ఉచితం. వివరాలు గోప్యంగా ఉంచుతారు. మొదటి కిట్‌లో పాజిటివ్ అనిపిస్తే వేరే కిట్లతో మళ్లీ చూసిన తర్వాతే నిర్ధారిస్తారు. వెళ్లేముందు మాట్లాడాలంటే 1097కి ఫోన్ చేయండి. అది జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్, డబ్బులు పడవు.

ఐదోది, ఉద్యోగం. 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం ఉద్యోగం ఇవ్వడానికి హెచ్‌ఐవీ పరీక్షను షరతుగా పెట్టకూడదు. మీ అనుమతి లేకుండా ఆ పరీక్ష చేయకూడదు. హెచ్‌ఐవీ ఉందన్న కారణంతో ఉద్యోగంలో వివక్ష చూపడం నేరుగా చట్టవిరుద్ధం. నా రూమ్మేట్‌కి ఈ ఒక్క విషయం తెలిసి ఉంటే ఆఫర్ వదులుకుంటానని అనేవాడు కాదు.

పాజిటివ్ వస్తే? మన దేశంలో 2004 నుంచి ఏఆర్‌టీ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. తేలిన వెంటనే మొదలుపెట్టి రోజూ వేసుకుంటే వైరస్ పరీక్షకు కూడా అందనంత తగ్గుతుంది. ఆ స్థితి నిలబెట్టుకున్నవాళ్ల నుంచి లైంగికంగా ఇంకొకరికి సోకదు. ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, ముసలితనం అన్నీ ఉంటాయి.

ఫ్రెడ్డీ పోయాక, 1992 ఏప్రిల్ 20న అదే వెంబ్లీలో ఆయన స్నేహితులు కచేరీ చేశారు. ఆయన పేరుతో మొదలైన మెర్క్యురీ ఫీనిక్స్ ట్రస్ట్ ఇప్పటికీ ఎయిడ్స్ మీద పనిచేస్తోంది. ఆయన అంత డబ్బు, అంత పేరు ఉండి కూడా కొనలేకపోయిన మందు ఇవాళ మీ జిల్లా ఆసుపత్రిలో ఉచితంగా దొరుకుతుంది. దానికి మొదటి మెట్టు టెస్ట్ మాత్రమే. భయంగా ఉంటే ఒక్కరే వెళ్లక్కర్లేదు, నమ్మకమైన ఫ్రెండ్‌ని తీసుకెళ్లండి. మీ ఫ్రెండే భయపడుతుంటే ఎందుకు, ఎవరితో అని ఆరా తీయకుండా బండి తీసి పదరా అనండి. ఇంటర్వ్యూ ప్రిపరేషన్ తిరిగొచ్చాక చూసుకోవచ్చు.