పూర్వకవుల వద్ద నేర్చిన పాఠము – గిడుగు రామమూర్తి పంతులుగారి జీవితము



మన గడ్డ మీద పుట్టి తెలుగువారందరికీ మేలు చేసిన పెద్దలలో గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు ఒకరు. ఆయన క్రైస్తవులు కారు. అయినా వాక్యము చెప్పేవారూ, వినేవారూ కూడా ఆయన జీవితము నుండి నేర్చుకోవలసినది ఎంతో ఉన్నది.

1863 ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో ఆయన జన్మించారు. చిన్నతనములోనే తండ్రి వీర్రాజుగారు పోయారు. విజయనగరం మహారాజావారి పాఠశాలలో చదువుకున్నారు. గురజాడ అప్పారావుగారు అక్కడ ఆయనకు సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా చేరి సుమారు 30 ఏళ్లు అక్కడే బోధించారు.

నేర్పేవారు లేకపోయినా పుస్తకాలు తెప్పించుకొని, పాత లిపి నేర్చుకొని, ముఖలింగం గుళ్లలోని శాసనాలు చదివారు. పూర్వులు ఏమన్నారో ఒకరు చెబితే వినడము కాదు, తన కళ్లతో చదివి తెలుసుకోవాలనే పట్టుదల ఆయనది. ఆ పట్టుదలే జీవితాంతమూ ఆయనను నడిపించింది.

ఆ రోజులలో పాఠశాలల్లో పిల్లలు ఎవరూ మాట్లాడని గ్రాంథిక భాషలోనే వ్రాయవలసి వచ్చేది. 1906 తరువాత పంతులుగారు దీనిని ఎదిరించి వ్యావహారిక భాష పక్షాన నిలిచారు. జయంతి రామయ్య పంతులుగారి వంటి పెద్దలు ఆయనకు ప్రతిపక్షమైనారు. అప్పుడాయన ఆయుధము ఏది? పూర్వకవులే! నన్నయ, తిక్కన మొదలుకొని కావ్యాలన్నీ పుట పుటా గాలించి, వ్యాకరణము తప్పన్న ప్రయోగాలను ఆ మహాకవులే చేశారని చూపించారు. పాత వచన రచనల నుండి ఉదాహరణలు కూర్చి ‘గద్యచింతామణి’ వ్రాశారు. పాత కావ్యాలను పారవేయమని ఆయన ఎన్నడూ కోరలేదు. వాటిని ప్రేమతో చదవండి, కాని ఈనాటి మాట ఈనాటి భాషలో వ్రాయండి అన్నదే ఆయన వాదము.

ఇంత పండితుడైన మనిషి కొండల్లోని సవరలను మరువలేదు. సవర భాష తెలిసినవానిని ఇంట్లో పెట్టుకొని ఆ భాష నేర్చుకున్నారు. మన్యములో తిరిగి తిరిగి జ్వరము తెచ్చుకున్నారు. క్వినైను మందు వల్ల చెవుడు వచ్చింది. అయినా ఆ పని విడువలేదు. సవరలకు వారి భాషలోనే పుస్తకాలు వ్రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టారు. ప్రభుత్వము పారితోషికము ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవర పిల్లలకు బడి పెట్టమని అడిగారు. 1913లో రావు బహదూర్ బిరుదు వచ్చింది.

1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు, తెలుగునాటనే ఉండగోరి ముసలితనములో రాజమండ్రి చేరారు. 1940 జనవరి 22వ తేదీన మరణించారు. ఆయన పుట్టినరోజునే నేడు తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకుంటున్నాము.

కొత్త నిబంధన గ్రీకు భాష ప్రాచీన గ్రీకు కావ్యాల భాష వలె లేదని పండితులు చాలాకాలము ఆశ్చర్యపడేవారు. 19వ శతాబ్దము చివర ఐగుప్తు ఇసుకలో పాత ఉత్తరాలు, రసీదులు, అర్జీలు కుప్పలుగా బయటపడినవి. వాటిని చదివిన తరువాత, సువార్త బజారులోని సామాన్యుల భాషలోనే వ్రాయబడినదని స్పష్టమైంది. అక్కడ పాత కాగితాలు చెప్పిన సాక్ష్యమే ఇక్కడ పూర్వకవుల ప్రయోగాలు పంతులుగారికి చెప్పినవి.

ప్రియులారా, మన ప్రసంగము వెనుక బెంచీ మీది ముసలమ్మకు అర్థము కాకపోతే, మన పాండిత్యము ఎవరికి? పెద్దల గ్రంథాలు చదవడము మానిన సంఘము ఎండిపోతుంది. చదివినది తనలోనే దాచుకున్న సంఘమూ ఎండిపోతుంది. పంతులుగారు పైనున్న మహాకవుల వద్ద నేర్చుకొని, కొండ మీది సవర బిడ్డకు పంచిపెట్టారు. నూరేళ్లు నిండిన మన సంఘాలు ఈ రెండు పనులనూ చేయును గాక.