పౌలుది ఏ దేశం?

పరాయి ఊళ్లో నీదే దేశమని ఎవరైనా నిలదీస్తే మనసు చివుక్కుమంటుంది. అపొస్తలుడైన పౌలుకు ఆ అనుభవం ఒకటికి రెండుసార్లు ఎదురైంది. ఆయన కిలికియలోని తార్సులో పుట్టిన యూదుడు, పుట్టుకతోనే రోమా పౌరుడు కూడా. యెరూషలేములో గమలీయేలు వద్ద ధర్మశాస్త్రం నేర్చాడు. దమస్కు మార్గంలో క్రీస్తు దర్శనం పొందాక దేశదేశాలు తిరిగి సువార్త ప్రకటించాడు.

క్రీ.శ. 50 ప్రాంతంలో, రోమీయుల వలస పట్టణమైన ఫిలిప్పీలో, పౌలును, సీలను యూదులంటూ ఈడ్చుకెళ్లి, బెత్తాలతో కొట్టించి చెరసాలలో వేశారు. విచారణే లేకుండా రోమా పౌరులను కొట్టించామని మర్నాడు తెలిసి అధికారులు భయపడ్డారు, స్వయంగా వచ్చి బతిమాలుకున్నారు.

క్రీ.శ. 57 ప్రాంతంలో యెరూషలేము దేవాలయం వద్ద సొంత జనమే ఆయన్ను చంపబోయారు. విడిపించిన రోమా సహస్రాధిపతి, 4,000 మందితో తిరుగుబాటు లేపిన ఐగుప్తీయుడు ఈయనేననుకున్నాడు. పౌలు కోపగించుకోలేదు. తానెవరో చెప్పి, తనను కొట్టిన జనంతోనే మాట్లాడేందుకు అనుమతి అడిగాడు. హెబ్రీ భాషలో వారికి సాక్ష్యమిచ్చాడు. కొరడాలతో విచారించబోయినప్పుడు మాత్రం తన రోమా పౌరసత్వం గుర్తుచేశాడు. ఆ సహస్రాధిపతి బోలెడంత డబ్బు పోసి కొనుక్కున్న హక్కు అది! ఆ హక్కుతోనే పౌలు కైసరు ఎదుట చెప్పుకొంటానని రోమాకు చేరాడు.

అయితే రోమా పౌరసత్వమంటే అంత మోజున్న ఫిలిప్పీలోని విశ్వాసులకు, మన అసలు పౌరసత్వం పరలోకంలో ఉందని చెరలోంచే రాశాడాయన. పౌరసత్వాన్ని వాడుకున్నాడు కానీ దానిమీద అతిశయపడలేదు. మనదే దేశమని అడిగితే మన జవాబులో కనబడేది మన రోషమా? మన ప్రభువా?