మెకంజీ ఆఫ్‌సెట్

ధరణికోట పేరు చెప్పగానే ధాన్యకటకం, శాతవాహనులు గుర్తొస్తారు. ఆ పక్కనే అమరావతిలో ఉన్న దీపాలదిన్నెను కొలిచి కాగితం మీదికి ఎక్కించింది మాత్రం ఎక్కడో స్కాట్లండ్ నుంచి వచ్చిన కాలిన్ మెకంజీ. చరిత్ర చదివేవాళ్ళకు ఆయన కైఫీయత్తుల మెకంజీ. సర్క్యూట్లు చదివే నాకు ఆయన జీవితం కంపారేటర్ క్యాలిబ్రేషన్ పాఠంలా కనిపిస్తుంది.

మెకంజీ 1754 ప్రాంతంలో లూయిస్ దీవిలోని స్టోర్నోవేలో పుట్టారు. లాగరిథమ్స్ కనిపెట్టిన జాన్ నేపియర్ జీవితచరిత్ర కోసం భారతీయ గణితం మీద సమాచారం పోగుచేసే పని ఆయనకు ఈ దేశం మీద ఆసక్తి కలిగించింది. 1783లో కంపెనీ సైన్యంలో మద్రాసు చేరారు. నిజాం రాజ్యంలో సర్వే చేశారు, 1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో ఉన్నారు, ఆ తర్వాత సుమారు పదేళ్ళు మైసూరు సర్వే నడిపారు.

ఆయన సర్వే పద్ధతి ఇది: ముందు ఒక బేస్‌లైన్ కొలవాలి. దాని మీద పెద్ద త్రిభుజాలు కట్టుకుంటూ పోవాలి. ఆ తర్వాతే లోపలి ఊళ్ళు, చెరువులు, వాగులు నింపాలి. ముందు ముతక, తర్వాత సన్నం అన్నమాట.

హైబ్రిడ్ ఏడీసీ చేసేదీ ఇదే. 10 బిట్లూ ఒకేసారి తేల్చే ఫ్లాష్ ఏడీసీకి 1023 కంపారేటర్లు కావాలి. అందుకని పై 4 బిట్లను 15 కంపారేటర్లతో చటుక్కున తేల్చేసి, మిగతా 6 బిట్లను ఎస్ఏఆర్ పద్ధతిలో ఒక్కొక్కటిగా తేల్చవచ్చు. కంపారేటర్ పని ఒక్కటే. వచ్చిన వోల్టేజీ రిఫరెన్స్ కంటే ఎక్కువా, తక్కువా అని చెప్పడం. కానీ ఏ రెండు ట్రాన్సిస్టర్లూ అచ్చం ఒకేలా తయారుకావు కాబట్టి ప్రతి కంపారేటర్‌కీ ఎటో ఒకవైపు మొగ్గు ఉంటుంది. అదే ఆఫ్‌సెట్. 1 వోల్టును 10 బిట్లుగా విడగొడితే ఒక్కో మెట్టు సుమారు 1 మిల్లీవోల్టు. ఆఫ్‌సెట్ 10 మిల్లీవోల్టులుంటే పది మెట్లు పక్కకు పోయినట్టే.

ఆ మొగ్గును పట్టుకోవడానికి రెండు ఇన్‌పుట్లకూ ఒకే వోల్టేజీ ఇస్తారు. మొగ్గు లేకపోతే నాయిస్ వల్ల 0లు, 1లు దాదాపు సమానంగా వస్తాయి. అన్నీ 1లే వస్తుంటే అటు వాలినట్టు. అవి సమానమయ్యేదాకా సర్దుతారు. దీనికి తోడు, ముతక దశలో జరిగిన చిన్న తప్పును సన్న దశ దిద్దగలిగేలా కొంత అదనపు జాగా కూడా వదులుతారు. అయితే దిద్దాలంటే అసలు బిట్లు చెరిగిపోకుండా ఉండాలి.

మెకంజీకీ ఒక ఆఫ్‌సెట్ ఉంది. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతి పట్టణం కట్టిస్తున్న రోజుల్లో చెక్కిన రాళ్ళు బయటపడ్డాయని విని 1797లో వచ్చి చూశారు. ఆ శిల్పాలు బ్రాహ్మణ మతానికి చెందినవిలా అనిపించలేదు. జైనులవని అనుకున్నారు. ఆంధ్రదేశపు బౌద్ధం గురించి అప్పటి పండితులకు దాదాపు ఏమీ తెలియదు. కంపారేటర్ తన దగ్గరున్న రిఫరెన్స్‌తోనే కదా పోల్చగలదు!

ఆయనకు మన భాషలు రావు. ఏలూరు నుంచి వచ్చిన కావలి వెంకట బొర్రయ్య ఆయనకు కళ్ళూ చెవులూ అయ్యారు. 1803లో బొర్రయ్య పోతే తమ్ముడు లక్ష్మయ్య ఆ పని అందుకున్నారు. గ్రామ కరణాల దగ్గర వీళ్ళు రాయించి తెచ్చినవే కైఫీయత్తులు.

1815లో మెకంజీ భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యారు. 1816లో చిత్రకారుల్ని వెంటబెట్టుకుని మళ్ళీ అమరావతి వచ్చారు. అప్పటికే దిన్నె నడుమ చెరువు కోసం తవ్వేశారు. రాళ్ళు చాలా వరకు చెదిరిపోయాయి. మిగిలినవాటిని ఆయన బృందం ఒక్కొక్కటిగా గీసింది. చాలా బొమ్మల మీద తేదీ, గీసినవాళ్ళ పేరు ఉన్నాయి. నాకు బాగా నచ్చేది ఇక్కడే. జైనమని నమ్మిన మనిషి, తన నమ్మకానికి తగ్గట్టు బొమ్మల్ని మార్పించలేదు. కళ్ళకు కనిపించింది కనిపించినట్టే గీయించారు.

1821 మే 8న ఆయన కలకత్తా దగ్గర కన్నుమూశారు. ఆయన సేకరణను కంపెనీ భార్య దగ్గర లక్ష రూపాయలకు కొన్నది. తర్వాతి దశాబ్దాల్లో అది బౌద్ధ స్తూపమని తేలింది. 1868లో జేమ్స్ ఫెర్గూసన్ అమరావతి మీద పుస్తకం తెచ్చినప్పుడు మెకంజీ బొమ్మల్నీ వాడుకున్నారు. అభిప్రాయం తప్పింది, డేటా నిలిచింది. అందుకే దిద్దడం కుదిరింది.

ఆ రాళ్ళలో కొన్ని ఈరోజు ఎక్కడా లేవు. ఆ కాగితాల మీద మాత్రమే ఉన్నాయి.