పొయ్యిలో పడేసిన నవల.. చెల్లెలు లాగి కాపాడింది! జేమ్స్ జాయిస్ బాల్యం వెనుక కథ

1911. ట్రియెస్టే నగరం. ఇప్పుడు ఇటలీలో ఉంది కానీ, అప్పట్లో అది ఆస్ట్రియా-హంగరీది. అక్కడ ఇంగ్లిష్ పాఠాలు చెప్పుకుని బతుకుతున్న ఓ ఐర్లాండ్ రచయిత, కోపం పట్టలేక తన నవల రాతప్రతిని పొయ్యిలోకి విసిరేశారు. ఇంట్లోనే ఉన్న చెల్లెలు ఐలీన్ పరుగున వచ్చి ఆ కాగితాలను మంటల్లోంచి లాగేసింది. మర్నాడు అన్నయ్య బయటికెళ్లి ఆమెకు సబ్బులు, చేతి తొడుగులు కొనుక్కొచ్చారట.

ఆ అన్నయ్యే జేమ్స్ జాయిస్. ఆ నవల 'ఎ పోర్ట్రెయిట్ ఆఫ్ ది ఆర్టిస్ట్ యాజ్ ఎ యంగ్ మ్యాన్'. స్టీఫెన్ డెడాలస్ అనే పిల్లాడు పెరిగి పెద్దవడమే కథ. పేరు మార్చారు కానీ, అందులో ఉన్నది చాలావరకు జాయిస్ చిన్నతనమే.

జాయిస్ 1882 ఫిబ్రవరి 2న డబ్లిన్‌లో పుట్టారు. బతికిన పది మంది పిల్లల్లో ఆయనే పెద్ద. తండ్రి జాన్ పన్నులు వసూలు చేసే ఉద్యోగి. మంచి గొంతు, మాటకారి, విపరీతంగా తాగేవాడు. ఆరున్నరేళ్లకే కొడుకుని క్లాంగోస్ వుడ్ అనే పేరున్న బోర్డింగ్ స్కూల్లో వేశాడు. 1891కల్లా డబ్బు కష్టాలు మొదలయ్యాయి. పిల్లాడిని స్కూల్ మాన్పించేశారు. తర్వాత తండ్రి ఉద్యోగం కూడా పోయింది. అక్కడి నుంచి అద్దె ఇళ్లు మారడమే పని. మారిన ప్రతిసారీ ఇంకాస్త చిన్న ఇల్లు.

ఐరిష్ నేత పార్నెల్ చనిపోయిందీ 1891లోనే. తొమ్మిదేళ్ల జేమ్స్ ఆయన మీద ఓ పద్యం రాస్తే, తండ్రి మురిసిపోయి అచ్చు వేయించి పంచిపెట్టాడు. దాని పూర్తి కాపీ ఒక్కటి కూడా ఇప్పుడు దొరకడం లేదు.

చివరికి క్లాంగోస్‌లో ఒకప్పుడు హెడ్‌గా ఉన్న ఫాదర్ కాన్మీ సాయం చేశారు. ఫీజు లేకుండా బెల్వెడెర్ కాలేజీలో సీటు ఇప్పించారు.

నవలలో అందరికీ గుర్తుండిపోయే సీన్ క్లాంగోస్‌లోనే జరుగుతుంది. కళ్లద్దాలు పగిలిపోయి రాయలేక కూర్చున్న స్టీఫెన్‌ని, బద్ధకంతో నాటకాలాడుతున్నావంటూ ఓ ఫాదర్ అరచేతుల మీద కొడతాడు. తప్పు చేయకుండా దెబ్బలు తిన్న ఆ పిల్లాడు భయపడుతూనే నేరుగా హెడ్ గదికి వెళ్లి చెప్పేస్తాడు. స్కూల్లో ఒక్కసారైనా అలా దెబ్బ తిన్నవాళ్లకి ఈ పేజీలు చదివితే చేతులు చురుక్కుమంటాయి. ఇంకో చోట స్టీఫెన్ ప్రైజ్‌గా వచ్చిన 33 పౌండ్లతో ఇంట్లోవాళ్లకి విందులు, బహుమతులు ఇచ్చి ఇంటిని మార్చేద్దామనుకుంటాడు. కొన్నాళ్లకే డబ్బు అయిపోతుంది. ఇల్లు మళ్లీ మామూలే.

ఈ కథని జాయిస్ ఒక్కసారిలో రాయలేదు. 1904 జనవరిలో ముందు చిన్న వ్యాసంగా రాస్తే పత్రిక తిప్పి పంపింది. పట్టుదలతో 'స్టీఫెన్ హీరో' పేరుతో వందల పేజీల నవల మొదలుపెట్టారు. అదే ఏడాది నోరా బార్నకల్‌తో కలిసి ఐర్లాండ్ వదిలి వెళ్లిపోయారు. 1907లో రాసిందంతా పక్కనపెట్టి, ఐదే అధ్యాయాలుగా మళ్లీ మొదలు. ఈసారి భాష కూడా పిల్లాడితో పాటే పెరుగుతుంది. మొదటి పేజీలో పసివాడి మాటలు, చివరికొచ్చేసరికి కాలేజీ కుర్రాడి డైరీ. జాయిస్ అంటే అర్థం కాడు అని భయపడేవాళ్లు 'యులిసెస్' జోలికి పోకుండా ముందు ఇది పట్టుకోండి.

ఆయన కథల పుస్తకం 'డబ్లినర్స్' అప్పటికే అచ్చుకాక ఏళ్ల తరబడి పబ్లిషర్ల దగ్గర నలుగుతోంది. పొయ్యి దగ్గర కోపం అర్థం చేసుకోవచ్చు. తర్వాత కవి ఎజ్రా పౌండ్ చొరవతో, 1914 ఫిబ్రవరి 2 నుంచి లండన్ పత్రిక 'ది ఇగోయిస్ట్'లో నవల సీరియల్‌గా వచ్చింది. ఆ రోజు జాయిస్‌కి 32వ పుట్టినరోజు. ఇంగ్లండ్‌లో ప్రింటర్లు పుస్తకంగా వేయడానికి ఒప్పుకోలేదు. 1916 డిసెంబర్ 29న న్యూయార్క్‌లో విడుదలైంది.

1912 తర్వాత జాయిస్ మళ్లీ డబ్లిన్ వెళ్లలేదు. 1941 జనవరి 13న జ్యూరిక్‌లో చనిపోయారు, సమాధి కూడా అక్కడే. ఆయన చేత్తో రాసిన నవల ప్రతి మాత్రం ఊరు చేరింది. ఇప్పుడు డబ్లిన్‌లోని నేషనల్ లైబ్రరీ ఆఫ్ ఐర్లాండ్‌లో ఉంది.