క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్

క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ (1909 - 1995) ఆదిలాబాదు గోండుల జీవన విధానాన్ని అధ్యయనం చేసి, వారి పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పించిన మానవ శాస్త్రవేత్త. ఈయన ఆస్ట్రియా రాజధాని వియన్నాలో జన్మించాడు.

హైదరాబాదు సంస్థానంలో

1939లో రెండవ ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు ఈయన భారతదేశంలో ఉన్నాడు. జర్మనీ పాస్‌పోర్టు ఉన్నందున బ్రిటిషు ప్రభుత్వం ఈయనను హైదరాబాదు సంస్థానం దాటిపోరాదని నిర్బంధించింది. 1940లో జోడేఘాట్ వద్ద కొమురం భీం మరణించిన తరువాత, గోండుల అశాంతికి గల కారణాలను పరిశీలించే బాధ్యతను నిజాం ప్రభుత్వం ఈయనకు అప్పగించింది. భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలసి మార్లవాయి గ్రామంలో నివసిస్తూ ఈయన గోండీ నేర్చుకొన్నాడు.

గోండీలో విద్య

శిశువు తల్లి మాటను ఆలకిస్తూ, పెద్దల పలుకులను అనుకరిస్తూ భాష నేర్చుకొంటుంది. గోండు బిడ్డ ఇంట అలా నేర్చినది గోండీ. కాని కచేరీల భాష ఉర్దూ. వర్తకుల భాషలు మరాఠీ, తెలుగు. కాగితాలలో ఏమున్నదో చదవలేని గోండులు తాము దున్నిన భూములనే కోల్పోయేవారు.

1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం ఆరంభమైంది. కొద్దిపాటి చదువు వచ్చిన గోండులనే అక్కడ ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దారు. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారయ్యాయి. ఆ విధంగా పిల్లలు తమవారి నోట, తాము ఎరిగిన మాటలతోనే అక్షరాలు నేర్చుకొన్నారు.

చివరి దశ

1951లో ఈయన లండన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. బెట్టీ 1987లో మరణించగా ఆమెను మార్లవాయిలో సమాధి చేశారు. హైమన్‌డార్ఫ్ 1995లో లండన్‌లో మరణించాడు. బెట్టీ సమాధి చెంతనే ఈయన సమాధి కూడా ఉంది.